రెండు నార్మల్ అంకెల మధ్య

మే నెల ఆఖరి వారం. గుంటూరులో పొద్దున తొమ్మిదికే వాకిలి కాలుతోంది. మా పెదనాన్నకు 74 ఏళ్లు. రెండు రోజులుగా విరేచనాలు, తిన్నది ఒంట్లో నిలవడం లేదు. అయినా లేవగానే అలవాటు కొద్దీ బీపీ బిళ్ల వేసుకున్నారు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫినాక్ కూడా వేసుకున్నారు. షుగర్ బిళ్ల మాత్రం "ఏమీ తినలేదు కదా, ఇంకెందుకు" అని మానేశారు. మూడో రోజు మనిషి మగతగా పడి ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం.

రిపోర్టు వచ్చింది. షుగర్ 412, ఎర్ర సిరాతో చుట్టి ఉంది. దానికి నాలుగు వరుసల కింద సీరం క్రియాటినిన్ 1.3. పక్కన ఉండాల్సిన పరిధి 0.7 - 1.3 అని అచ్చయి ఉంది. అంకె పక్కన చుక్క లేదు, లావు అక్షరాలు లేవు. "కిడ్నీలు బాగానే ఉన్నాయి, షుగర్ ఒక్కటే పెరిగింది" అన్నారు ఆసుపత్రిలో. ఆ కాగితం నేనూ చూశాను. నాకూ అలాగే అనిపించింది.

రెండు రోజులు తిరిగేసరికి ఆ 1.3 కాస్తా 2.8 అయింది. మంచానికి వేలాడుతున్న మూత్రం సంచిలో పొద్దుటి నుంచి సాయంత్రానికి చేరింది ఒక గ్లాసుడు. అప్పుడు పెద్దమ్మ ఇంటికి వెళ్లి, బీరువాలో చీరల కింద దాచిన ప్లాస్టిక్ కవరు పట్టుకొచ్చింది. పాత రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. జనవరిలో చేయించిన పరీక్ష కాగితం తీసి చూస్తే క్రియాటినిన్ 0.7.

0.7 నార్మలే. 1.3 కూడా నార్మలే. కానీ ఒకే మనిషిలో 0.7 ఉన్నది 1.3 అయిందంటే దాదాపు రెట్టింపు అయినట్టు. ఆసుపత్రిలో చేరిన రోజే ఆయన కిడ్నీలకు దెబ్బ తగిలి ఉంది. కాగితం మీద మాత్రం ఆ సంగతి ఎక్కడా కనిపించలేదు.

కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడాన్ని డాక్టర్లు క్లుప్తంగా ఏకేఐ అంటారు. దానికి ప్రపంచమంతా వాడుతున్న కొలత 2012లో కేడిగో అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఖరారు చేసింది. 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, ఏడు రోజుల్లోపల మునుపటికి ఒకటిన్నర రెట్లయినా, ఆరు గంటల పాటు మూత్రం కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గినా అది ఏకేఐ. 60 కిలోల మనిషికైతే ఆరు గంటల్లో 180 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద కాఫీ కప్పుడు కూడా రాకపోవడం. ఈ నిర్వచనంలో నార్మల్ అన్న మాటే లేదు. మనిషిని పక్కవాళ్లతో కాకుండా, నిన్నటి తనతోనే పోల్చమంటుంది. మా పెదనాన్న విషయంలో జరగనిది సరిగ్గా అదే.

అసలు క్రియాటినిన్ ఎక్కడిది? కండరాల్లోది. కండ పనిచేస్తున్న కొద్దీ రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పుట్టి రక్తంలో కలుస్తుంది, కిడ్నీలు దాన్ని వడపోసి బయటికి పంపుతాయి. 1886లో మాక్స్ జాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త, పిక్రిక్ ఆమ్లంతో కలిస్తే అది నారింజ రంగు తేలుతుందని గమనించాడు. ఆ రంగు చిక్కదనాన్ని కొలవడం ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో నడుస్తోంది. చవకైన పరీక్ష, అరగంటలో తేలిపోతుంది. దాన్ని తక్కువ చేయడానికి లేదు. కాకపోతే అది చెప్పేది నిన్నటి కబురు.

జోరువానలో వాకిట్లో నీళ్లు పోయే తూము పూడుకుపోయిందనుకోండి. ఆ నిమిషానే నీళ్లు మోకాలి లోతు రావు. వాన పడుతూ ఉండాలి, నీళ్లు చేరుతూ ఉండాలి, గడప తడిశాక గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. కిడ్నీ తూము మూసుకుపోయాక క్రియాటినిన్ చేరి పైకి కనిపించడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ముసలివాళ్లలో వాన కూడా తుంపరే, ఎందుకంటే కండ కరిగిపోయి ఉంటుంది. పుట్టేదే తక్కువ కాబట్టి పేరుకునేదీ నెమ్మదే. 30 ఏళ్ల కుస్తీ వస్తాదుకు 1.3 ఉంటే చింత లేదు. ఎముకల గూడు లాంటి 74 ఏళ్ల మనిషికి అదే 1.3 ఉంటే కిడ్నీ పని సగానికి పడిపోయి ఉండొచ్చు.

ఇక ఎర్ర సిరాతో చుట్టిన ఆ 412 దగ్గరికి వద్దాం. కిడ్నీతో దానికి సంబంధం లేదనుకోవడమే మా మొదటి పొరపాటు.

రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. షుగర్ మామూలుగా ఉన్న మనిషిలో లీటరుకు ఒక గ్రాము చొప్పున, ఆ ద్రవంతో పాటు 180 గ్రాముల గ్లూకోజ్ కూడా వడపోతలోకి దిగుతుంది. కిడ్నీలోని సన్నని గొట్టాలు దాన్ని చుక్క పోనివ్వకుండా తిరిగి రక్తంలోకి లాక్కుంటాయి. రక్తంలో షుగర్ 180 దాటిందంటే ఆ గొట్టాల చేతులు నిండిపోతాయి, మిగిలింది మూత్రంలోకి జారిపోతుంది. మూడు చోట్లా 180 రావడం కాకతాళీయమే, గుర్తుంచుకోవడానికి మాత్రం బాగుంటుంది.

జారిపోయే చక్కెర ఒంటరిగా పోదు, నీళ్లనూ ఉప్పునూ వెంట లాక్కుపోతుంది. షుగర్ బాగా పెరిగినవాళ్లు మాటిమాటికీ ఒంటికి వెళ్లేది అందుకే. ఇక్కడే ఇంట్లోవాళ్లు మోసపోతారు. ఒంట్లో నీళ్లు ఎండిపోతున్నా మూత్రం ధారాళంగా వస్తూ ఉంటుంది కాబట్టి "ఒంటికి బాగానే వెళ్తున్నారు కదా, కిడ్నీలకేం" అనుకుంటారు. మా ఇంట్లో మొదటి రోజంతా అనుకున్నది ఇదే. వయసు మీదపడ్డాక దాహం వేయడం కూడా మందగిస్తుంది. ఒంట్లో రెండు లీటర్లు తరిగిపోయినా నాలుక అడగదు. ఎండ, విరేచనాలు, షుగర్ మూడూ ఒక్క మనిషి నీళ్లను మూడు వైపుల నుంచి తోడేస్తుంటే, నాలుగో వైపు నుంచి పోసే దిక్కు ఉండదు. కొందరు పెద్దవాళ్లలో షుగర్ 600 దాటి, రక్తం పాకంలా చిక్కబడి, మాట తడబడి, స్పృహ తప్పేదాకా పోతుంది. పక్షవాతం వచ్చిందనుకుని తీసుకొచ్చేవాళ్లూ ఉంటారు.

నీళ్లు తగ్గి రక్తం ఒత్తిడి పడిపోతున్నప్పుడు కిడ్నీ చేతులు ముడుచుకుని కూర్చోదు. దాని వడపోత గుచ్ఛానికి లోపలికి వచ్చే నాళం ఒకటి, బయటికి పోయే నాళం ఒకటి ఉంటాయి. వచ్చే దారిని ప్రోస్టాగ్లాండిన్లతో వెడల్పు చేసుకుంటుంది, పోయే దారిని యాంజియోటెన్సిన్‌తో బిగిస్తుంది. అలా లోపలి ఒత్తిడిని కొంతసేపు నిలబెట్టుకుంటుంది. డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు మొదటి ఉపాయాన్ని ఆపేస్తాయి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మందులు రెండోదాన్ని ఆపేస్తాయి. మామూలు రోజుల్లో ఆ బీపీ మందులే షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీని కాపాడతాయి, వాటిని సొంతంగా మానేయకూడదు. కానీ వాంతులు, విరేచనాలతో మంచం పట్టిన ఆ రెండు మూడు రోజులు ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించాలో ముందే డాక్టరును అడిగి రాసి పెట్టుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం తినడం లేదని ఇన్సులిన్‌ను మొత్తంగా ఆపేయకూడదు. జబ్బు పడిన ఒళ్లు తిండి లేకుండానే షుగర్ తయారు చేసుకుంటుంది.

గొట్టాల లోపల ఇంకో కథ నడుస్తుంది. కండరాల్లోకి గ్లూకోజ్ వెళ్లాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. కిడ్నీ గొట్టాల కణాలకు ఆ తలుపే లేదు, రక్తంలో ఎంత ఉంటే అంతా లోపలికి వచ్చి పడుతుంది. పైగా వడపోతలోంచి గ్లూకోజ్‌ను తిరిగి లాక్కోవడం ఊరికే అయ్యే పని కాదు, దానికి ప్రాణవాయువు ఖర్చవుతుంది. కిడ్నీ లోపలి పొరకు ప్రాణవాయువు మామూలుగానే బొటాబొటీగా అందుతుంది. షుగర్ పెరిగితే పని పెరుగుతుంది, రక్తం తగ్గితే సరఫరా తగ్గుతుంది. ఈ రెంటి మధ్య నలిగిపోయేది కణానికి శక్తి తయారు చేసే మైటోకాండ్రియా. షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీకి చిన్న దెబ్బ తగిలినా పెద్ద నష్టం జరగడానికి ఇదొక ముఖ్య కారణం.

మరి షుగర్ పెరగడం వల్ల కిడ్నీ దెబ్బతిందా, జబ్బు తీవ్రత వల్ల షుగర్ పెరిగిందా? రెండూ నిజమే, అందుకే దీన్ని విడదీయడం కష్టం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒళ్లు అడ్రినలిన్, కార్టిసాల్ కుమ్మరించి కాలేయంలోని నిల్వలను రక్తంలోకి వదులుతుంది. జన్మలో షుగర్ లేనివాళ్లకు కూడా ఐసీయూలో 200 దాటడం మామూలే. తీవ్రంగా రక్తం పోయిన జంతువుల్లో చక్కెర పెరగడాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్ 19వ శతాబ్దంలోనే గమనించాడు.

ఇక్కడ పనికొచ్చే ఒక లెక్క ఉంది, నాకు చాలా నచ్చిన లెక్క. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేస్తే, ఆ మనిషి రోజువారీ సగటు షుగర్ వస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే రోజు 240 షుగర్‌తో చేరారనుకుందాం. ఒకరి హెచ్‌బీఏ1సీ 9, అంటే సగటు 212. ఆయనకు 240 అంటే ఇంట్లో ఉండే దానికి కాస్త ఎక్కువ. రెండో ఆయనది 6, అంటే సగటు 126. ఆయనకు 240 అంటే రెట్టింపుకు కొంచెం తక్కువ. ఈ నిష్పత్తి పెద్దదైన కొద్దీ ఏకేఐ వచ్చే ముప్పు, ప్రాణాపాయం ఎక్కువని ఎన్నో పరిశీలనల్లో కనిపించింది. పాత షుగర్ రోగి కన్నా, కొత్తగా షుగర్ ఎగిరిన మనిషి గురించే ఎక్కువ కంగారు పడాల్సి ఉంటుంది. రక్తహీనత ఉన్నా, ఈ మధ్యే రక్తం ఎక్కించినా హెచ్‌బీఏ1సీ నమ్మదగ్గది కాదు, అప్పుడు ఈ లెక్కా తప్పుతుంది. చూడండి, ఇక్కడా అదే పాఠం. క్రియాటినిన్‌కు జనవరి కాగితం ఎలాగో, షుగర్‌కు హెచ్‌బీఏ1సీ అలాగ.

షుగరే కిడ్నీని నలిపేస్తుంటే దాన్ని గట్టిగా దించేస్తే పోలేదా? 2001లో బెల్జియంలోని లూవెన్ ఆసుపత్రిలో గ్రేటా వాన్ డెన్ బెర్గే బృందం అదే చేసింది. ఆపరేషన్లయి ఐసీయూలో ఉన్నవాళ్ల షుగర్‌ను ఇన్సులిన్‌తో 80 - 110 మధ్య కట్టేశారు. ఐసీయూలో మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి దిగాయి, డయాలసిస్ లాంటి చికిత్స అవసరం 41 శాతం తగ్గింది. ప్రపంచంలో చాలా ఐసీయూలు అటు మళ్లాయి. 2009లో నైస్-షుగర్ అధ్యయనం ఆరు వేలమందికి పైగా రోగులతో అదే ప్రశ్నను మళ్లీ అడిగింది. జవాబు తిరగబడింది. షుగర్‌ను గట్టిగా కట్టేసిన వాళ్లలో 90 రోజుల్లో 27.5 శాతం మంది చనిపోయారు, 180 లోపల ఉంచితే చాలనుకున్న వాళ్లలో 24.9 శాతం. ప్రమాదకరంగా షుగర్ పడిపోవడం మొదటివాళ్లలో 6.8 శాతం, రెండోవాళ్లలో అర శాతం. ఇప్పుడు ఐసీయూలో ఎక్కువమందికి పెట్టుకునే గురి 140 - 180.

షుగర్ పడిపోవడం అంటే ఏమిటో నేను కళ్లారా చూశాను. చేరిన మూడో రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి పెదనాన్న నుదుటి మీద చెమటలు. ఫ్యాను తిరుగుతోంది, ఏసీ ఉంది, అయినా దిండు తడిసిపోయింది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "అన్నం తిన్నారా మీరంతా" అని అడిగిందే అడుగుతున్నారు. నర్సమ్మ వేలు గుచ్చి చూసి పరుగెత్తింది, 54. ముందురోజు ఇచ్చిన ఇన్సులినే ఆ రోజూ ఇచ్చారు, ఒక్క యూనిట్ కూడా పెంచలేదు. మారింది కిడ్నీ. సూదితో ఇచ్చిన ఇన్సులిన్‌లో పెద్ద భాగాన్ని విరగ్గొట్టి పారేసేది కిడ్నీయే. అది పడకేస్తే వేసిన ఇన్సులిన్ పోకుండా అలాగే తిరుగుతుంటుంది. ఆకలి వేళ కొత్త గ్లూకోజ్ తయారు చేసి రక్తానికి అందించే అవయవాల్లో కాలేయం తర్వాతిది కిడ్నీయే. ఆ సాయమూ ఆగిపోతుంది. అందుకే ఏకేఐ ఉన్న పెద్ద మనిషిలో షుగర్ పొద్దున 400, మర్నాటి తెల్లవారికి 50 కావచ్చు. ముసలివాళ్లకు ఆ 50 ఇంకా చేటు, చాలామందిలో చెమట, వణుకు లాంటి హెచ్చరికలు కూడా రావు.

తూము పూడుకున్న నిమిషానే చెప్పే సూచిక ఏదైనా ఉందా? గుండెపోటు వస్తే ట్రోపోనిన్ పరీక్ష ఉన్నట్టు కిడ్నీకి కూడా ఒకటి ఉంటే బాగుండునని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్నారు. 2005లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి నుంచి ప్రసాద్ దేవరాజన్ బృందం ఒక ఫలితం ప్రకటించింది. గుండె ఆపరేషన్ అయిన 71 మంది పిల్లల్లో 20 మందికి ఏకేఐ వచ్చింది. క్రియాటినిన్ ఆ సంగతి చెప్పడానికి ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటే, మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రోటీన్ రెండు గంటల్లోనే పెరిగింది. దెబ్బ తగిలిన గొట్టం కణం పెట్టే కేక లాంటిది అది. అలాంటిదే కిమ్-1, గాయపడిన గొట్టం కణాల పైపొర మీద పొడుచుకొచ్చి మూత్రంలో తెగిపడే ప్రోటీన్. టింప్-2, ఐజీఎఫ్‌బీపీ-7 అనే రెండింటిని కలిపి కొలిచే పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అనుమతినిచ్చింది. ఈ రెండూ కణం ఇంకా చావకముందు, ఒత్తిడిలో ఉన్నప్పుడే బయటపడతాయి.

మరి ఇవన్నీ మా పెదనాన్నకు ఎందుకు చేయలేదు? ఖర్చు ఒక కారణం, మన జిల్లా ఆసుపత్రుల్లో ఇవి దొరకడమే అరుదు. అంతకన్నా లోతైన కారణం ఆ 71 మంది పిల్లల్లోనే ఉంది. ఆ పిల్లల కిడ్నీలు అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నాయి, దెబ్బ ఏ గంటకు తగిలిందో డాక్టర్లకు తెలుసు. విరేచనాలతో మూడో రోజు చేరిన 74 ఏళ్ల షుగర్ రోగికి దెబ్బ ఎప్పుడు తగిలిందో ఎవరికి తెలుసు? ఏళ్ల తరబడి షుగర్‌తో నానిన కిడ్నీ మామూలు రోజుల్లోనే కొంత ఎన్‌గాల్‌ను, కొంత కిమ్-1ను వదులుతూ ఉంటుంది. ఎన్‌గాల్‌ను తెల్ల రక్తకణాలు కూడా తయారు చేస్తాయి కాబట్టి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, షుగర్ ఉన్న పెద్దవాళ్లలో ఆ ఇన్‌ఫెక్షన్ సర్వసాధారణం. ఎన్‌గాల్ పరీక్షకు 2023 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు అది మూడు నెలల పసివాళ్ల నుంచి 21 ఏళ్ల వరకే వచ్చింది. పెద్దవాళ్ల దగ్గర ఎక్కడ గీత గీయాలో ఇంకా తేలలేదు.

వయసు మళ్లినవాళ్లకు వీటన్నిటికన్నా అందుబాటులో ఉన్నది సిస్టాటిన్-సి అని నా అభిప్రాయం. దాన్ని కండరాలే కాకుండా కేంద్రకం ఉన్న ప్రతి కణమూ తయారు చేస్తుంది. కండ కరిగినా లెక్క తప్పదు. స్టెరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా మాత్రం అటూ ఇటూ అవుతుంది. చక్కెర బాగా పెరిగి కీటోన్లు చేరినవాళ్లలో జాఫే పద్ధతి ఉన్నదానికన్నా ఎక్కువ క్రియాటినిన్ చూపించడమూ ఉంది, అలాంటప్పుడు ఈ రెండో సాక్షి మంచి తోడు.

ఇలాంటి సూచిక (బయోమార్కర్) పెరిగిందని ముందే తెలిస్తే చేసేదేముంది అని అడిగేవాళ్లున్నారు. 2017లో జర్మనీలో గుండె ఆపరేషన్ అయిన 276 మందితో చేసిన అధ్యయనం దానికి కొంత జవాబిచ్చింది. టింప్-2 పరీక్షలో ముప్పు కనిపించినవాళ్లలో సగం మందికి కొత్త మందేమీ ఇవ్వలేదు. రక్తపోటు, ఒంట్లో నీళ్లు కనిపెట్టుకుని ఉన్నారు, కిడ్నీకి పడని మందులు ఆపారు, షుగర్ పెరగకుండా చూశారు. అంతే. మామూలు చికిత్స పొందినవాళ్లలో 71.7 శాతం మందికి ఏకేఐ వస్తే వీళ్లలో 55.1 శాతానికి తగ్గింది. అందులో ఒక్కటీ గుంటూరులో దొరకని పని కాదు.

పరీక్షలు లేనిచోట కూడా చేతికందే సూచికలు ఉన్నాయి. మూత్రాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే, గొట్టాల కణాలు చచ్చినప్పుడు బురద రంగు ముద్దలు కనిపిస్తాయి. ఒంట్లో నీళ్లు సరిపోయాక, మూత్రం వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఇచ్చి, రెండు గంటల్లో 200 మిల్లీలీటర్ల మూత్రం రాకపోతే కిడ్నీ జబ్బు ముదిరే ముప్పు ఎక్కువని 2013 నుంచి వాడుకలో ఉన్న పరీక్ష చెబుతుంది. ఆ ఇంజెక్షన్ చాలా చవక. మా పెదనాన్నకు అదే చేశారు. నర్సమ్మ కొలత గ్లాసు పట్టుకుని రెండు గంటల తర్వాత వచ్చింది. 340. డాక్టరు ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను. డయాలసిస్ దాకా పోలేదు.

పదకొండో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. క్రియాటినిన్ 1.0 దగ్గర ఆగింది, మళ్లీ 0.7కి దిగలేదు. రిపోర్టులో అది కూడా నార్మలే. నొప్పి మాత్రలు పెద్దమ్మ చెత్తబుట్టలో పారేసింది. విరేచనాలు పట్టుకుంటే ఆపాల్సిన మందుల పేర్లు డాక్టరు చేత తెలుగులో రాయించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

మొన్న నెల పరీక్షకు ల్యాబు కుర్రాడు ఇంటికొచ్చాడు. సాయంత్రం ఫోన్ చేసి "క్రియాటినిన్ నార్మలే అమ్మా" అన్నాడు. "నార్మల్ సంగతి తర్వాత, అంకె చెప్పు నాన్నా" అంది పెద్దమ్మ. పాల లెక్కల పుస్తకం తిరగేసి వెనక అట్ట లోపలి పేజీ తీసింది. తేదీ, షుగర్, క్రియాటినిన్ అని గీతలు కొట్టి మూడు గళ్లు ఉన్నాయి, మొదటి వరుసలో జనవరి 0.7. అతను చెప్పిన 1.1 కింద రాసుకుని, పైన ఉన్న 1.0 మీద వేలు పెట్టి కాసేపు చూసింది. "వారం ఆగి ఇంకోసారి వచ్చి తీసుకెళ్లు" అని ఫోన్ పెట్టేసింది.